ముదిమియందు మేధ: ఆటలవలన కలుగు మేలెంత?

అఱువదియేండ్లు దాటిన భారతీయులలో నూటికి ఏడుగురికంటె ఎక్కువమంది డిమెన్షియాతో జీవించుచున్నారనియు, వారి మొత్తము సంఖ్య సుమారు 88 లక్షలనియు 2023లో ప్రకటితమైన జాతీయ పరిశీలన యొకటి లెక్కకట్టినది. ఆ లెక్కను చదువని యిండ్లలో సైతము దాని భయము ప్రవేశించియే యున్నది. తాళపుచెవి పెట్టినచోటు గుర్తునకు రానప్పుడు, చిరపరిచితుని పేరు నోట నానుచునే వెలికి రానప్పుడు, వయసు మీఱినవారి మనస్సున తొలుత మెదలునది ఈ శంకయే. దానికి సమాధానముగా ఒకరు పదప్రహేళికలు పూరింపుమందురు. ఒకరు సుడోకు ఆడుమందురు. పట్టణమునుండి సెలవులకు వచ్చిన మనుమడు మెదడుకు పదును పెట్టుననెడి ఆటనొకదానిని తాతగారి మొబైలులో ఎక్కించి పోవును. రచ్చబండమీదివారు తమ యూరి పెద్ద యొకరు తొంబదియేండ్లవఱకు పులిజూదమాడెననియు, కనుకనే ఆయన మాట తడబడలేదనియు సాక్ష్యము చెప్పుదురు. ఈ సలహాలన్నియు సద్బుద్ధితో ఇచ్చినవే. ఐనను సద్బుద్ధి వేఱు, నిరూపణము వేఱు. నాలుగు దశాబ్దములుగా వైద్యులును మనస్తత్త్వవేత్తలును వేలకొలది వృద్ధులను ఏండ్ల తరబడి పరిశీలించి సేకరించిన సాక్ష్యము మనయెదుట నున్నప్పుడు దానిని తూచి చూడక సలహా లిచ్చుట పెద్దలకు న్యాయము చేయుట కాదు. ఆ సాక్ష్యమును శక్తికొలది పరిశీలించిన పిమ్మట నాకు స్థిరపడిన అభిప్రాయమును ముందుగనే మనవి చేయుచున్నాను: ఏ యొక్క ఆట పేరులోను మహిమ లేదు, అంతవఱకు చేతగాని దానిని నలుగురి నడుమ కష్టపడి నేర్చుకొనుటయందును, ఆ నేర్పునకు ఆధారమైన దేహమును, చెవిని, కంటిని కాపాడుకొనుటయందును మేలున్నది.

వయసుతోపాటు బుద్ధి అన్ని విధములను క్షీణించునని తలంచుట సరికాదు. రేమండ్ కాటెల్ అను మనస్తత్త్వవేత్త 1943లో ప్రతిపాదించి, తన శిష్యుడైన జాన్ హార్న్‌తో కలసి విస్తరించిన సిద్ధాంతము బుద్ధిని రెండు తెఱగులుగా చూపినది. మునుపెన్నడు ఎఱుగని చిక్కును అప్పటికప్పుడు విప్పు శక్తి యొకటి. జీవితకాలమున కూడబెట్టిన పదసంపద, లోకానుభవము, వృత్తినైపుణ్యము మఱొకటి. మొదటిది యౌవనము గడవగనే మెల్లమెల్లగా తగ్గ నారంభించును. రెండవది అఱువదవ యేటికిని చెక్కుచెదరక నిలుచును, పెక్కుమందిలో అప్పటికిని పెరుగుచునే యుండును. క్రొత్త టెలిఫోను సంఖ్యను ఒకమారు విని గుర్తుంచుకొనలేని అవ్వ, ఏ సందర్భమునకు ఏ సామెత తగునో ఎంచుటలో మనుమరాలిని ఓడించుట మనమెల్లరము చూచినదే. ఇది ప్రకృతిసహజమైన మార్పు. డిమెన్షియా అట్టిది కాదు; అది మెదడు కణములను నశింపజేయు వ్యాధులవలన కలుగు స్థితి, ఆ వ్యాధులలో ఆల్జీమర్స్ ప్రధానమైనది. ఈ రెంటిని వేఱుచేసి చూడనిదే ఆటల ప్రయోజనమును గుఱించి చేయు చర్చ యంతయు దారి తప్పును.

ఐతే వ్యాధి వచ్చిన ప్రతి మెదడును ఒకేరీతిగ లొంగిపోవుట లేదనునది ఈ శాస్త్రమున మిక్కిలి ఆశాజనకమైన విషయము. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందము, వృద్ధుల సంరక్షణాలయమొకదానిలో నివసించి మరణించిన 137 మంది మెదళ్ళను పరీక్షించినది. వారిలో పదిమంది మెదళ్ళయందు ఆల్జీమర్స్ చిహ్నములు విస్తారముగ కానవచ్చినవి. కాని బ్రదికియున్నంతకాలము వారి జ్ఞాపకమునకు, వివేకమునకు లోపము కలుగలేదు. వారి మెదళ్ళు తక్కినవారి మెదళ్ళకంటె బరువైనవనియు, వానియందు పెద్ద నాడీకణములు ఎక్కువగ మిగిలియున్నవనియు తేలెను. డేవిడ్ స్నోడన్ 1986లో అమెరికాలో ఆరంభించిన సన్యాసినుల పరిశోధన ఇంతకంటె హృద్యమైనది. నోటర్ డామ్ పాఠశాల సోదరీసంఘమునకు చెందిన 678 మంది వృద్ధ సన్యాసినులు, ఏటేట పరీక్షలకు సమ్మతించుటయేగాక, మరణానంతరము తమ మెదళ్ళను పరిశోధనకు దానము చేయుటకును అంగీకరించిరి. ఆహారము, వసతి, దినచర్య ఇంచుమించు ఒకటియే యగుటచేత ఇతరత్ర కలుగు పెక్కు సందేహములు వారి విషయమున కలుగవు. ఇరువదియేండ్ల ప్రాయమున, వ్రతస్వీకారమునకు ముందు, వారు స్వహస్తముతో వ్రాసిన స్వీయచరిత్రలు మఠములలో భద్రముగ నుండెను. ఆ వాక్యములలో భావసాంద్రత తక్కువగ నున్నవారికి ఆఱు దశాబ్దముల తరువాత ఆల్జీమర్స్ ఎక్కువగ వచ్చినదని 1996లో ప్రకటించిరి. వారిలో సిస్టర్ మేరీ అను నామె 101వ యేట మరణించువఱకు పరీక్షలలో మంచి ఫలితములు కనబఱచినది. ఆమె మెదడునందు మాత్రము వ్యాధిచిహ్నములు కోకొల్లలు. మెదడు ఇట్లు వ్యాధిని తట్టుకొను శక్తిని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన యాకోవ్ స్టెర్న్ మేధానిధి యను భావముతో వివరించెను. కొలను ఎంత లోతైనదైన కరవున అడుగు కనబడుటకు అంత ఆలస్యమగునట్లే, విద్యచేతను, వృత్తిచేతను, అభ్యాసముచేతను మెదడున సమకూడిన నిధి యెంత పెద్దదైన, వ్యాధి లక్షణములు బయటపడుటకు అంత జాగగునని ఆ భావము సారాంశము. అది వ్యాధిని ఆపదు, ఓర్చుకొనును.

ఈ నిధిని ముదిమిలో ఆటలతో పెంచుకొనవచ్చునా అనునదే అసలు ప్రశ్న. అవునని మొదట గట్టిగ చెప్పినది 2003లో జో వర్గీస్ బృందము న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతమునుండి ప్రకటించిన పరిశోధన. డెబ్బదియైదేండ్లు దాటిన 469 మందిని ఐదేండ్లకు పైగా పరిశీలింపగా 124 మందికి డిమెన్షియా వచ్చినది. చదువుట, పలకలమీద ఆడు ఆటలు, వాద్యము వాయించుట, నృత్యము — ఈ నాలుగింటిని తఱచుగ చేయువారికి ఆ ప్రమాదము తక్కువగ నుండెను. దేహశ్రమకు సంబంధించిన వ్యాపకములలో మేలుతో ముడివడినది నృత్యమొక్కటియే. ఈ వార్త ప్రపంచమంతట వ్యాపించి, మెదడు ఆటల వ్యాపారమునకు ఊపిరి పోసినది. పదేండ్ల తరువాత ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతమున 3,675 మంది వృద్ధులను ఇరువదియేండ్లపాటు పరిశీలించిన వైద్యులు, పేకాట, చదరంగము వంటివి ఆడువారికి డిమెన్షియా ప్రమాదము నూటికి పదునైదుపాళ్ళు తక్కువ యనిరి. కాని వారు నిజాయితీతో మఱొక మాట కూడ చేర్చిరి. పరిశీలన మొదటిదినమున వారి వారి మేధాశక్తియెంత, మనోవ్యాకులత యెంత అనునవి లెక్కలోనికి తీసుకొన్నచో ఆ భేదము ఇంచుమించు మాయమగుచున్నది!

ఇచ్చట నిలిచి యోచింపవలసియున్నది. ఆట మేధను కాపాడినదా, మేధ నిలిచియున్నవాడే ఆటకు కూర్చుండినాడా? ఆల్జీమర్స్ లక్షణములు బయటపడుటకు పది పదునైదేండ్లు ముందుగనే మెదడున ఆ వ్యాధి మొదలగును. ఆ కాలమున మనుష్యుడు తనకును తెలియకుండనే, లెక్కలు తప్పుచున్న పేకాటను, పేర్లు తడబడుచున్న గోష్ఠిని విడనాడును. చూచువారికి, ఆడుట మానెను గనుక మతి తప్పెనని తోచును. సత్యము దానికి విపరీతమై యుండవచ్చును. లండనులో ప్రభుత్వోద్యోగులపై జరిగిన వైట్‌హాల్ పరిశోధన 8,280 మందిని సగటున పదునెనిమిదేండ్లు పరిశీలించి 2020లో ఈ సంశయమును బలపఱచినది. ఏబదియాఱవ యేటి ప్రాంతమున వ్యాపకములు ఎక్కువగ నున్నవారికి డిమెన్షియా తక్కువగ రాలేదు. వ్యాధి నిర్ధారణకు ముందరి యేండ్లలో మాత్రము వ్యాపకములు తగ్గుచు వచ్చినవి. ఆటలను స్తుతించు ప్రతి వ్యాసమును ఈ పరిశోధనను పేర్కొనక ముగించుట నాకు విచారము కలిగించుచున్నది.

కనుక గమనించి చూచుటతో తృప్తి చెందక, కొందఱికి శిక్షణనిచ్చి కొందఱికి ఇయ్యక, ఫలితములను పోల్చి చూడవలెను. అట్లు చేసిన పెద్ద ప్రయత్నములలో ఒకటి 1998లో అమెరికాలో మొదలైన యాక్టివ్ పరీక్ష. అఱువదియైదు మొదలు తొంబదినాలుగేండ్ల వయసుగల 2,832 మందిని నాలుగు గుంపులుగ విభజించి, ఒక గుంపునకు జ్ఞాపకమునందును, ఒకదానికి తర్కమునందును, మఱొకదానికి కంటితో చూచినదానిని త్వరితముగ గుర్తించుటయందును పదేసి పాఠములు చెప్పిరి. నాల్గవ గుంపునకు ఏమియు చెప్పలేదు. నేర్చినవారు నేర్చినదానిలో రాణించిరి, కాని జ్ఞాపకము నేర్చినవానికి తర్కము పెరుగలేదు, తర్కము నేర్చినవానికి చూపు వేగము పెరుగలేదు. పదేండ్ల తరువాత పరీక్షింపగా తర్కమును, వేగమును కొంత నిలిచియుండెను. జ్ఞాపకశిక్షణ ఫలము నిలువలేదు. త్వరితముగ చూచుట నేర్చినవారికి పదేండ్లలో డిమెన్షియా నూటికి ఇరువదితొమ్మిదిపాళ్ళు తక్కువగ వచ్చెనని 2017లో వెలువడిన ఫలితము మాత్రము ఎవ్వరు ఎదురుచూడనిది, దానిని తోసిపుచ్చలేము.

నేర్చినది నేర్చినచోటనే నిలుచునను ఈ సూత్రమునకు 1980లో అండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ చూపిన ఉదాహరణమును మించినది లేదు. సాధారణ విద్యార్థి యొకడు విన్న అంకెలను వరుసగ అప్పగించుటను రెండువందల గంటలకు పైగా అభ్యసించి, ఏడంకెలనుండి ఎనుబదికి చేరువగ ఎగబ్రాకెను. అంకెలకు బదులు అక్షరములు చెప్పగా ఆఱింటి దగ్గఱనే నిలిచిపోయెను! 2010లో ఏడ్రియన్ ఓవెన్ బృందము 11,430 మందిచేత ఆఱు వారములు కంప్యూటరు ఆటలాడించి, ఆటలో నేర్పు పెరిగినదనియు, తక్కిన బుద్ధికి ప్రయోజనమేమియు చేరలేదనియు చెప్పినది. లుమోసిటీ అను పేర అట్టి ఆటలమ్ము సంస్థ, ముసలితనపు మతిమఱపును తమ ఆటలు ఆపునన్నట్లు చేసిన ప్రకటనలకు ఆధారము చాలదని అమెరికా సమాఖ్య వర్తక కమిషను 2016లో ఆక్షేపింపగా, ఇరువది లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనవలసివచ్చెను. పింఛను డబ్బుతో నెలనెల చందా కట్టి ఇట్టి ఆటలను కొనుచున్న పెద్దలు మన నగరములలోను కలరు. వారి భయమును సొమ్ము చేసికొనుట నాకు క్షమింపరానిదిగ తోచుచున్నది.

ఇంతమాత్రముచేత ఆటలను త్రోసివేయుట తొందరపాటగును. ఏ ఆట ఏ శక్తిని శ్రమపెట్టుచున్నదో చూడవలెను, ఆ కొలతతో మన యిండ్లలోని ఆటలను పరిశీలించుట ఉచితము. వైకుంఠపాళి సంపూర్ణముగ పాచిక వశము. దానిలో బుద్ధికి పనిలేదు, ఉన్న మేలంతయు చుట్టును కూర్చున్న పిల్లల కేరింతలలో నున్నది. అష్టాచెమ్మాలో గవ్వలు పడిన తీరు దైవాధీనమైనను, ఏ కాయను నడుపవలెను, ఏ కాయను గడిలో దాచవలెను అనునది ఆడువారి యధీనము. వామనగుంటల పీటమీద రెండు వరుసలలో ఏడేసి గుంటలు. చింతపిక్కలను చేతికెత్తి ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి విడుచుచు పోవునప్పుడు చివరి పిక్క ఎచ్చట పడునో, తరువాతి గుంట వట్టిదగునో కాదో ముందుగనే ఎంచగల అవ్వలు కొందఱు, అక్షరము రానివారయ్యును, గణితమున ఆఱితేరినవారివలె తోతురు. నా దృష్టిలో వీనియన్నింటిలో యోగ్యమైనది పులిజూదము. మూడు పులులకు పదునైదు మేకలు ఎదురు నిలుచు ఆ ఆటలో ఇరుపక్షముల బలము, లక్ష్యము, నడక వేఱువేఱు. పులిగ ఆడినవాడు మాటుచూచి దూకవలెను, మేకగ ఆడినవాడు ప్రాణములొడ్డి దారి మూయవలెను. ఒకే పూటలో పక్షములు మార్చుకొని ఆడువాడు అలవడిన ఆలోచనను విడిచి దానికి విరుద్ధమైన ఆలోచనను చేపట్టవలెను గదా. వయసుతో సన్నగిల్లు శక్తులలో అది యొకటి. చదరంగము గొప్పతనమును వేఱుగ చెప్పనక్కఱలేదు. పేకాటలో రమ్మీ, ఎదుటివాడు ఎత్తిన ముక్కను, పారవేసిన ముక్కను మనసున నిలుపుకొనుచు తన చేతినున్న పదుమూడింటిని పలుమార్లు కూర్చుకొనుమనును గనుక మంచి శ్రమయే; కాని పందెము చేరినప్పుడు అది వేఱొక వ్యాధియగును. డబ్బుతో ఆడు ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి.

పదప్రహేళికలను గుఱించి ఇటీవల ఒక మంచి సాక్ష్యము లభించినది. జ్ఞాపకము కొంత తగ్గిన 107 మందిని రెండు గుంపులుచేసి, ఒకరిచేత ఇంగ్లీషు పదప్రహేళికలను, ఒకరిచేత కంప్యూటరు ఆటలను 78 వారములు చేయింపగా, ప్రహేళికలవారే మెఱుగుగ నుండిరని 2022లో దేవానంద్ బృందము ప్రకటించినది. వారి మెదడు కుంచించుకొనుటయు తక్కువగ నుండెను. ఏమియు చేయని గుంపొకటి ఆ పరీక్షలో లేకుండుట లోపమే. తెలుగున శ్రీశ్రీ పదబంధప్రహేళిక, ఆరుద్ర గళ్ళనుడికట్టు ఒక తరము పాఠకులకు నిత్యవ్యాయామములయ్యెను. పేరు విన్నంతనే దొరకు పదమునకును, శ్లేషను ఛేదించినగాని దొరకని పదమునకును ఎంత దూరమున్నదో వానిని పూరించినవారెఱుగుదురు. ఏండ్లకొలది ఒకే ఆధారములను ఒకే పదములతో పూరించు నేటి పత్రికాప్రహేళికలలో చాలవానికి ఆ శక్తి లేదు. అలవాటైన సుడోకుకును ఇదియే దోషము: చేయి వాలినపిమ్మట అది విశ్రాంతియగును, శ్రమ కాజాలదు.

మనకు ప్రత్యేకమైన మఱొక విద్యను ఇక్కడ స్మరింపకుండ ముందునకు సాగలేను. తిరుపతి వేంకటకవులు ఊరూర ప్రదర్శించి లోకమునకు చాటిన అవధానమున, ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది దిక్కులనుండి చిక్కులు వైచుచుండ, నడుమ ఘంట మ్రోగుచుండ, అప్రస్తుతప్రసంగి చిత్తమును చెదరగొట్టుచుండ, అవధాని పద్యములల్లి కడపట ధారణ చేయును. ఆ ప్రజ్ఞ అందఱకు సాధ్యము కాదు. దానిని వృద్ధులకు విధించుట హాస్యాస్పదము. కాని దాని అంగములు విడివిడిగ ఎవరికైనను అందునవియే. అసంబద్ధముగ తోచు చివరి పాదము నిచ్చి, తక్కిన మూడింటిని అర్థము కుదురునట్లును, యతిప్రాసలు తప్పకుండునట్లును పూరింపుమను సమస్యాపూరణమును, నాలుగు పొత్తులేని పదములిచ్చి ఒక పద్యమున ఇముడ్పుమను దత్తపదిని తలంచుడు. కాటెల్ చెప్పిన రెండు శక్తులును ఇచ్చట ఏకమగుచున్నవి: చిరకాలము కూడబెట్టిన పదసంపద ముడిసరకు, దానిని ఎన్నడు ఎఱుగని చిక్కునకు అమర్చుట క్రొత్తపని. నేటి సమస్య రేపటికి పనికిరాదు గనుక చేయి వాలుట యనునది లేదు. ఆకాశవాణిలో సమస్యాపూరణము వినుటకు వారము వారము ఎదురుచూచి, పోస్టుకార్డుపై పూరణ వ్రాసి పంపిన విశ్రాంత ఉపాధ్యాయులు, గుమాస్తాలు, గృహిణులు ఏ వైద్యుడు చెప్పకయే ఉత్తమమైన అభ్యాసమును ఎన్నుకొనిరని నా విశ్వాసము. పద్యము రానివారికి పొడుపుకథలు కట్టుట, అంత్యాక్షరి కలవు. ఎప్పటినుండియో కంఠస్థమైన సహస్రనామమును పఠించుట మనశ్శాంతినిచ్చును. క్రొత్త శతకమును కంఠస్థము చేయుట మనస్సునకు పని కల్పించును. రెండును మంచివే, రెండును ఒకటి కావు.

క్రొత్తదనమున కింత ప్రాధాన్య మిచ్చుటకు ఆధారము 2014లో డెనీస్ పార్క్ ప్రకటించిన పరీక్ష. అఱువదియేండ్లు దాటినవారికి మూడునెలలు, వారమునకు పదునైదు గంటలకు పైగా, కొందఱికి బొంతలు కుట్టుటయు, కొందఱికి డిజిటల్ ఛాయాచిత్రకళయు, కొందఱికి రెండును నేర్పిరి. మఱొక గుంపు కలసి కబుర్లు చెప్పుకొనుచు, విహారములకు పోవుచు, వంటలు చేసికొనుచు కాలము గడపినది, నేర్చుకొన్నదేమియు లేదు. జ్ఞాపకము మెఱుగుపడినది కష్టమైన విద్యను నేర్చినవారికే, అందును ఛాయాచిత్రకళ నేర్చినవారికి అధికముగ. కబుర్లు మాత్రమే చాలవని దీనివలన గ్రహింపవలెను. భాషల విషయమున మన హైదరాబాదే ప్రపంచమునకు పాఠము చెప్పినది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందము 648 మంది డిమెన్షియా రోగుల వృత్తాంతములను పరిశీలించి, రెండు లేక అంతకుమించిన భాషలు మాటలాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ ఆరంభమైనట్లు 2013లో తెలిపినది. చదువు రానివారిలోను ఈ భేదము కనబడుటచేత, ఇది విద్యాఫలము కాదని చెప్పుటకు వీలైనది. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే వీథిలో వినబడు నగరమున గాక మఱెచ్చట ఇట్టి పరీక్ష సాధ్యమగును? ఆరోగ్యవంతులను ముందునుండి పరిశీలించిన ఇతర దేశముల పరిశోధనలన్నియు దీనిని సమర్థింపలేదు. జీవితమంతయు రెండు భాషలలో బ్రదుకుట వేఱు, డెబ్బదవ యేట మొబైలుపై నాలుగు మాటలు నేర్చుట వేఱు. ఐనను అమెరికాలోని కుమారుని యింటికి పోయి, పొరుగువారితో మాటలాడుటకై ఇంగ్లీషు నేర్చు తల్లి, ఏ పలక ఆటయు పెట్టని శ్రమను పెట్టుకొనుచున్నదని నా తలంపు.

దేహమును విడిచి మేధను గుఱించి మాటలాడుట మన ఆటల ప్రచారకుల పెద్ద లోపము. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకములు దేహవ్యాయామమును గట్టిగ విధించినవి. మేధాశిక్షణమును మాత్రము, ఆధారములు దుర్బలములగుటచేత, నియమములతో సూచించినవి. 2011లో కర్క్ ఎరిక్సన్ బృందము 120 మంది పెద్దలను ఏడాదిపాటు పరిశీలింపగా, వారమునకు మూడుమార్లు నడచినవారి మెదడున జ్ఞాపకమునకు స్థానమైన హిప్పోకాంపస్ నూటికి రెండుపాళ్ళు పెరిగినది. కాళ్ళుచేతులు సాచు వ్యాయామముతో సరిపుచ్చినవారికి అది తగ్గినది. బ్రాంక్స్ పరిశోధనలో నృత్యము ప్రత్యేకముగ నిలుచుటకు కారణము ఇందు దొరకును: అడుగు, తాళము, ఎదుటివారి కదలిక, తరువాతి వరుస అన్నియు ఒకేసారి గమనింపవలసిన పని యది. మన కోలాటము సరిగ అట్టిదే. చుట్టును తిరుగుచు, జత మార్చుకొనుచు, పాటతో కోపులు మారినప్పుడెల్ల చేతి కోలలు తప్పక కలియవలెను. ఒకరు తప్పిన గొలుసంతయు తెగును. తిరుమలకు పోవు బృందములలో అఱువదియేండ్లు దాటిన స్త్రీలు ఏకవర్ణపు చీరలు కట్టి క్రొత్త కోపులు నేర్చుకొనుచుండుట నాకు మిక్కిలి సంతోషము కలిగించును. పెండ్లియై, పిల్లలై, వంటింటిలో నలుబదియేండ్లు గడచిన పిమ్మట వారు తమకొఱకు నేర్చిన మొదటి విద్య అనేకులకు అదియే.

చెవిని గుఱించి ఒకమాట. వినికిడి తగ్గిన వృద్ధుడు ఆటకు రాడు, గోష్ఠికి రాడు. వచ్చినను నవ్వునప్పుడు నవ్వి ఊరకుండును. ఇంటివారు అది మతిమఱపని తలంతురు. 2023లో ప్రకటించిన అఛీవ్ పరీక్ష, డెబ్బది మొదలు ఎనుబదినాలుగేండ్ల 977 మందిలో సగము మందికి వినికిడి యంత్రములనిచ్చి మూడేండ్లు చూచినది. మొత్తముమీద భేదము కనబడలేదు. ప్రమాదము అధికముగనున్న గుంపులో మాత్రము మేధాక్షయము నూటికి 48 పాళ్ళు మందగించెను. డిమెన్షియాలలో నూటికి నలుబదియైదు, సవరింపదగిన పదునాలుగు కారణములతో ముడివడియున్నవని గిల్ లివింగ్‌స్టన్ అధ్యక్షతన లాన్సెట్ సంఘము 2024లో చెప్పినది. బాల్యమున చదువు లేకుండుట, చెవుడు, చూపు తగ్గుట, రక్తపుపోటు, చక్కెరవ్యాధి, పొగ, మద్యము, ఒంటరితనము, గాలికాలుష్యము మొదలగునవి ఆ పట్టికలోనివి. శుక్లములకు శస్త్రచికిత్స చేయింపక సుడోకు పుస్తకము కొనియిచ్చుట, రక్తపుపోటు మందు మఱచి చదరంగపు బల్ల తెచ్చుట, పని క్రమము తలక్రిందు చేయుటయే. ఫిన్లాండులో మియా కివిపెల్తో నడపిన ఫింగర్ పరీక్ష ఈ క్రమమును సరిగ గ్రహించినది: 1,260 మంది పెద్దలలో సగము మందికి ఆహారనియమము, వ్యాయామము, మేధాశిక్షణ, రక్తనాళముల పర్యవేక్షణ నాలుగును కలిపి రెండేండ్లు చేయింపగా, వారి మేధ రెండవ గుంపువారికంటె మెఱుగైనదని 2015లో తేలినది. ఆట ఆ నాలుగింటిలో ఒకటి. దాని స్థానము అంతవఱకే, కాని అంతవఱకు నిజమైనది.

ఇవన్నియు చదివినపిమ్మట నన్ను బాధించునది మఱొక విషయము. పెద్దలకు ఆటలు వెదకి తెచ్చుచున్న మనమే వారి చేతినుండి పనులను ఒక్కటొక్కటిగ తీసికొనుచున్నాము. ఆవకాయకు ఎన్ని కాయలకు ఎంత ఉప్పు, ఎంత కారము, ఎంత ఆవపిండి అని లెక్కవేయు అవ్వను, నీకెందుకమ్మా శ్రమ, దుకాణమున దొరకునుగదా యని కూర్చుండబెట్టుదుము. పెండ్లిపిలుపుల పట్టిక వ్రాయు తాతగారికి బదులు మొబైలులో సందేశము పంపుదుము. పదవీవిరమణ త్వరగ జరుగు దేశములలో అఱువదియేండ్లవారి జ్ఞాపకశక్తి తక్కువగ నున్నదని 2010లో సుసాన్ రోవెడర్, రాబర్ట్ విల్లిస్ అమెరికాను, ఐరోపా దేశములను పోల్చి చూపిరి. అమెరికాలోని బాల్టిమోర్ నగరమున పదవీవిరమణ చేసినవారిని ప్రాథమిక పాఠశాలలకు పంపి, పిల్లలచేత చదివించు ఎక్స్‌పీరియన్స్ కోర్ అను ప్రయత్నము నాకు ఏ ఆటకంటెను ఆదర్శప్రాయముగ కనబడుచున్నది. ఆ పిల్లలు చదువు నేర్తురు, ఆ పెద్దలు వారమునకు పదునైదు గంటలు అవసరమైన మనుష్యులుగ నుందురు. మన ఊరి బడులలో తెలుగు చదువలేని పిల్లలకును, ఇంట ఊరకున్న విశ్రాంత ఉపాధ్యాయులకును కొదువ లేదు.

కడపట గృహస్థులకు ఒక విన్నపము. వైట్‌హాల్ పరిశోధన తెలిపిన దానిని మఱవరాదు: ఇష్టమైన వ్యాపకమును మనుష్యుడు విడిచిపెట్టుట వ్యాధికి తొలి చిహ్నము కావచ్చును. ఏండ్ల తరబడి సాయంకాలము చదరంగమునకు పోవు తండ్రి హఠాత్తుగ, నాకిప్పుడు విసుగుగనున్నదని మానివేసినచో, శతకము చెప్పు తల్లి పద్యము నడుమ ఆగి సిగ్గుపడినచో, వారిని బలవంతముగ ఆటకు కూర్చుండబెట్టుటకు ముందు వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. థైరాయిడు లోపము, విటమిన్ బి12 లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల దుష్ఫలితము, చెవుడు — ఇవి మతిమఱపువలె కనబడి, చికిత్సతో తగ్గుటకు వీలున్నవి. పోవునప్పుడు వారు వాడుచున్న మందులన్నింటిని సంచిలో వేసికొని పోవలెను. ఏ ఆటను, ఏ పనిని, ఏ నెలనుండి మానిరో, మానుటకు వారు చెప్పిన కారణమేమో వ్రాసికొని, అది వారి యెదుట గాక వైద్యునికి విడిగ చెప్పవలెను.